రాళ్ళ త్రాసు మీద ల్యాప్‌టాప్

కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు నన్ను ఏ ల్యాప్‌టాప్ కొనమంటారని అడుగుతారు. యూనివర్సిటీలో యంత్రాలతో కాపురం చేసి రిటైరైనవాణ్ణి కదా, నాకు తెలిసే ఉంటుందని వాళ్ళ నమ్మకం. "దాన్ని పెట్టుకుని ఎక్కడ కూచుంటావు నాయనా?" అని నేను ఎదురడుగుతాను. సగం మంది అక్కడే విసుక్కుంటారు. ప్రాసెసర్ గురించో మెమరీ గురించో చెబుతానని వస్తే ఈ ముసలాయన కుర్చీ సంగతి అడుగుతాడేమిటని వాళ్ళ బాధ. ఆ ప్రశ్న నేను కనిపెట్టింది కాదు. తొంభైల మధ్యలో ఒకే ఒక్క ల్యాప్‌టాప్ కొనడానికి మా డిపార్ట్‌మెంటు పడ్డ తంటాలు చూసి నేర్చుకున్నాను. వినే ఓపిక ఉన్నవాళ్ళకు ఆ సంగతి చెబుతాను, లేనివాళ్ళు షాపుకు పోవచ్చు.

మాది భూమి లోపలి సంగతులు చదివే డిపార్ట్‌మెంటు. నేను టెక్నికల్ ఆఫీసర్ని. అంటే పరికరం పాడైతే బాగుచేయాలి, బాగుంటే పాడు కాకుండా చూడాలి, కొత్తది కొంటే కమిటీలో కూచోవాలి. మూడింట్లో కష్టమైంది ఆఖరుదే. కడప జిల్లా నుంచి వచ్చి లాలాపేటలో రెండు గదుల పోర్షన్లో ఉండేవాణ్ణి. తార్నాక మీదుగా క్యాంపస్‌కు నడిచి వచ్చేవాణ్ణి.

అప్పట్లో మాకు పల్లెల్లో మంచినీళ్ళ బోర్లకు చోట్లు చూపించే ప్రాజెక్టు వచ్చింది. నేలలో ఇనుప మేకులు కొట్టి, తీగలు పరిచి, కరెంటు పంపి, ఏ లోతున రాయి ఎంత అడ్డుపడుతుందో కొలుస్తారు. ఆ కొలతలను లెక్కలోకి దించితే కింద తడి ఉందో లేదో ఒక గీత రూపంలో తేలుతుంది. కొలతలు తీయడం పూట పని. లెక్క మాత్రం ఆఫీసుకు వచ్చి కంప్యూటర్ మీద చేసుకోవాలి. ల్యాప్‌టాప్ అనేది ఒకటుంటే ఆ లెక్క అక్కడికక్కడే చేయొచ్చునని ప్రాజెక్టు రాసిన మేడం అడిగారు. ఒకటి కొనుక్కోండని అనుమతి వచ్చింది.

ఆ మేడం మా దగ్గర రీడర్, ప్రొఫెసర్‌కు ఒక మెట్టు కింద. నల్లగొండ జిల్లా పల్లెటూరి నుంచి వచ్చి చదువుకుని ఇక్కడే ఉద్యోగంలో చేరారు. చిన్నప్పుడు పోలియో వచ్చి కుడికాలు సన్నబడింది. మోకాలి పైదాకా ఇనుప పట్టీలు, కింద బరువైన బూటు, చేతిలో కర్ర. నడుస్తుంటే వరండాలో ఆ చివరనుంచి ఈ చివరికి వినబడేది. మేం అలవాటు పడ్డాం అనుకునేవాళ్ళం. పడలేదని ఈ ల్యాప్‌టాప్ వ్యవహారంలో తెలిసింది.

కమిటీలో నలుగురం. హెడ్ గారు, మేడం, కొత్తగా చేరిన ఒక లెక్చరర్, నేను. సికింద్రాబాద్ షాపు నుంచి టై కట్టుకున్న సేల్స్‌మన్ రెండు యంత్రాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒకటి సన్నగా, తేలిగ్గా ఉంది. రెండోది బండది. అందులో అన్నీ ఉన్నాయి, లావుగా ఉంది, వేగం ఎక్కువ. రెండింటికీ రంగుల తెరలే. సేల్స్‌మన్ మీట నొక్కగానే తెర మీద రంగురంగుల చేపలు ఈదాయి. కమిటీ అంతా కాసేపు చేపల్నే చూసింది.

"బరువెంత?" అన్నారు హెడ్ గారు.

సేల్స్‌మన్ కేటలాగు తీశాడు. కేటలాగు మాట నేను నమ్మను. మా ల్యాబులో రాళ్ళ నమూనాలు తూచే పెద్ద త్రాసు ఉండేది. అటెండర్ చేత దాన్ని పట్టించుకొచ్చాను.

"సార్, ఎలక్ట్రానిక్ ఐటం సార్ ఇది. గిట్ల కూరగాయల లెక్క తూకమేస్తరా?" అన్నాడు సేల్స్‌మన్.

"ఛార్జరు కూడా వెయ్యి. ఫ్లాపీ పెట్టే డబ్బా విడిగా ఉంది కదా, అదీ వెయ్యి. సంచీ యాడుంది?" అన్నాను. నాకు ఇలాంటి విషయాల్లో చాదస్తమే. సన్నదానికి సామాన్లన్నీ బయటే ఉన్నాయి కాబట్టి అన్నీ పెట్టేసరికి దాని సన్నతనం చాలావరకు దిగిపోయింది. అయినా బండదానికంటే తేలికే.

హెడ్ గారు తృప్తిగా తలూపి తన ఆలోచన చెప్పారు. తేలికది కొందాం. అది పట్టుకుని లెక్చరర్ గారు పల్లెలకు వెళ్ళి కొలతలు తెస్తారు. మేడం గారు ఇక్కడ ఫ్యాను కింద కూచుని పెద్ద కంప్యూటర్ మీద లెక్కలు చూస్తారు. "మేడమ్ గారూ, మీరు వేరే విధంగా అనుకోకండి. ఆ రాళ్ళల్లో, ముళ్ళల్లో మీరు పడే అవస్థ చూడలేకే అంటున్నాను."

ఇందులో దురుద్దేశం ఏమీ లేదు. చిక్కంతా అక్కడే వచ్చింది. దురుద్దేశమైతే పోట్లాడొచ్చు. జాలితో ఎవరు పోట్లాడగలరు? లెక్చరర్ తన గోళ్ళు చూసుకుంటూ "మీరెలా అంటే అలా సార్" అన్నాడు. నేను త్రాసు రాళ్ళు సర్దుకుంటున్నాను.

మేడం గొంతు పెంచలేదు. "సార్, ఈ కమిటీ ల్యాప్‌టాప్ గురించి వేసిన్రా, నా కాలు గురించి వేసిన్రా?"

ఆమె సంచీలోంచి ఫ్లాపీ తీసి సేల్స్‌మన్‌కు ఇచ్చారు. అంతకుముందు ఒక ఊళ్ళో తీసిన కొలతలు, లెక్క చేసే ప్రోగ్రాం అందులో ఉన్నాయి. రెండింటి మీదా నడిపి చూపించమన్నారు. బండది టీ వచ్చేలోపల లెక్క ముగించి గీత గీసింది. సన్నది మేం టీలు తాగి, హెడ్ గారు రెండు ఫోన్లు మాట్లాడి, అటెండర్ కప్పులు కడిగి తెచ్చేసరికి కూడా ఆలోచిస్తూనే ఉంది. లెక్కల కోసమే ఉండే చిప్పు ఒకటి సన్నదాంట్లో లేదు. ఉత్తరాలు టైపు చేసుకునేవాడికి దానితో పనిలేదు, మాకుంది. ఆ సంగతి నేను చెప్పాను.

"లెక్కలు ఎలాగూ ఆఫీసులో చేస్తాం కదండీ. పొలంలో నిలబడి చేయడం ఎందుకు?" అన్నారు హెడ్ గారు. ఆయన నిజంగానే అడిగారు.

"ఎందుకో చెప్త సార్. ఇయ్యాల మాత్రం ఏది కొనాల్నో రాయకుండ్రి" అన్నారు మేడం. హెడ్ గారు వాయిదా వేశారు. కమిటీలకు వాయిదా అంటే ఎప్పుడూ ఇష్టమే.

సాయంత్రం తార్నాక బస్టాపులో ఆమె కనబడ్డారు. ఆమె సీతాఫల్‌మండి బస్సు కోసం చూస్తున్నారు. నాకు నడిచి పోయే దారే అయినా ఆగాను. అడగకుండా ఉండలేకపోయాను.

"ఏం మేడం, ఇంత పట్టు పడితిరి? ఫ్యాను కింద కూచోమంటే ఎవరన్నా వద్దంటారా? మాకెవరూ అనడంలేదు గానీ."

ఆమె నవ్వి, కర్ర పక్కన పెట్టి అరుగు మీద కూచున్నారు. "మా ఊరికి గూడ వచ్చిన్రు సార్. నేను ఆరో తరగతిల ఉన్న. జీపేసుకొని వచ్చి తీగలు పరిచిన్రు, మేకులు కొట్టిన్రు. మా నాయన చెల్కల గూడ కొట్టిన్రు. ఊరంత వాళ్ళెంటనే తిరిగింది. పోయేటప్పుడు అడిగితే, లెక్క చేసి చెప్తమన్నరు."

"తర్వాత?"

"తర్వాత ఏముంది. చెప్పలే. మా ఊరోళ్ళు ఆ మేకులు కొట్టిన జాగలల్ల దున్నుడు బంద్ చేసిన్రు. బోరు పడ్తది గద అని. మా నాయన పోయేదాంక చెల్క నడుమ ఆ జాగ అట్లనే పడావు వడి ఉండె. నీళ్ళు లేకనే చెప్పలేదేమో. లేవని ఒక్క మాట చెప్తే జొన్నలన్న ఏసుకుందురు."

నేనూ పోయి అరుగు చివర కూచున్నాను.

"వాళ్ళు చెడ్డోళ్ళు కాదు సార్. మన లెక్కనే ఆఫీసుకు వచ్చిన్రు, ఇంకో పని మీద పడ్డరు. మళ్ళ ఆ ఊరికి పోయి లేవని చెప్పనీకి ఎవరికి మనసొస్తది? అందుకే అక్కడనే లెక్క తేలాలె. వాళ్ళ ముంగట నిలబడి చెప్పి రావాలె. నన్ను ఇక్కడ కూచోబెడ్తే, లేదన్న మాట చెప్పేటోళ్ళు ఎవరు?" బస్సు వచ్చింది. ఆమె కడ్డీ పట్టుకుని ఎప్పటిలాగే మెల్లగా ఎక్కారు. ఇంటికి నడుస్తున్నంతసేపూ నా మనసు మనసులో లేదు.

మర్నాడు హెడ్ గారి దగ్గరికి పోయి ఒకటే మాట అడిగాను. పొలంలో వాడే వస్తువును బల్ల మీద పెట్టి చూడడమేమిటి, ఎండలో పెట్టి చూద్దాం అని. ఆయనకు అభ్యంతరం లేదు. ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం హాస్టళ్ళ వెనక బండరాళ్ళ నేలకు బయలుదేరాం. నడి ఎండాకాలం. సేల్స్‌మన్ టై విప్పి జేబులో పెట్టుకున్నాడు. మేకులు కొట్టించాం, తీగలు పరిచాం. మేడం కర్రతో చోట్లు చూపిస్తూ బండల మధ్య తిరుగుతుంటే హెడ్ గారు పదేపదే "జాగ్రత్తండీ" అంటున్నారు. కాలు జారి తూలింది మాత్రం ఆయనే.

కొలతలయ్యాక బండది తెరిచాం. తెర మీద మా ముఖాలు తప్ప ఏమీ కనబడలేదు. సన్నది తెరిస్తే అదీ అంతే. చేపలు ఎటు పోయాయో తెలియదు. హెడ్ గారు తువ్వాలు తల మీంచి కప్పుకుని తెర దగ్గరికి వంగారు. లోపల్నుంచి "కొంచెం కనబడుతోందండీ" అని గొంతు వినిపించింది. కాసేపటికి చెమటలు కారుతూ బయటికొచ్చి, కనబడడం లేదని ఒప్పుకున్నారు.

సేల్స్‌మన్ ఈ గోలకు దూరంగా ఒక రాతి మీద కూచుని తన సొంత యంత్రం ఒళ్ళో పెట్టుకుని ఏదో టైపు చేస్తున్నాడు. మేడం అతని వెనక నిలబడి చూస్తున్నారు.

"నీ దాంట్ల అక్షరాలు ఎట్ల కనబడుతున్నయి?"

"ఇదా మేడం? ఇది బ్లాక్ అండ్ వైట్ మేడం, పాత మోడల్. బిల్లులు కొట్టుకుంటందుకు పెట్టుకున్న. మీకు చూపించేది కాదు."

"ఎందుకు కాదు?"

"ఎవ్వరు అడుగుతలేరు మేడం. అందరికీ కలరే కావాలె."

నేను దాన్ని అందుకుని తిప్పి చూశాను. పేరుకు పాతది గానీ లెక్కల చిప్పు లోపల ఉంది. ఫ్లాపీ డబ్బా కూడా లోపలే. బరువు ఆ రెండింటికీ మధ్యస్థం. మేడం రాతి మీద కూచుని, దాన్ని ఒళ్ళో పెట్టుకుని, ఆ రోజు కొలతలు ఎక్కించారు. బండదానంత జోరుగా కాకపోయినా మేం తీగలు చుట్టేసేలోపల గీత వచ్చింది. ఎండలో నలుపు తెలుపు స్పష్టంగా ఉంది.

హెడ్ గారికి మాత్రం మింగుడుపడలేదు. "ఇళ్ళల్లోనే అందరికీ కలర్ టీవీలొచ్చాయి. యూనివర్సిటీకి బ్లాక్ అండ్ వైట్ ఏమిటండీ? రేపు వైస్ ఛాన్సలర్ గారొస్తే ఏం చూపిస్తాం?"

"ఆయనను గీ ఎండలకు తోల్కరండి సార్. ఇదే కనబడ్తది" అన్నారు మేడం.

హెడ్ గారు నవ్వాపుకోలేకపోయారు. ఆ నవ్వు పూర్తయ్యాక మేడం ఆయనకు తన ఊరి సంగతి చెప్పారు. నాకు చెప్పినంత కూడా చెప్పలేదు, నాలుగు ముక్కలు. ఆయన బండల వైపు చూస్తూ విన్నారు. చివరికి గోడౌన్లో కొత్తది ఒకటుంటే ఆ మోడలే తెప్పించమన్నారు. పల్లెలకు ఎవరు పోవాలన్న దగ్గర మాత్రం ఒక మెలిక పెట్టారు.

"ఒక ఊరికి వెళ్ళి రండి మేడమ్ గారూ. మనకు డబ్బిచ్చేవాళ్ళు పాయింట్లు, అంటే బోరు వేసే చోట్లు, అడుగుతారు. పాయింటు చూపించి వస్తే సరే, లేకపోతే ఇక నా మాట వినాలి. లెక్చరర్ గారు వెళ్తారు."

ఆ ఊరు భువనగిరి దాటి లోపలికి. మేడం, నేను, జీపు డ్రైవరు. ఊరివాళ్ళు నులక మంచం తెచ్చి వేశారు. పొద్దున మొదలుపెట్టి, గుట్ట ఉన్న వైపు పోను, ఊరికి మూడు వైపులా మేకులు కొట్టించారు మేడం. ప్రతిచోటా జనం మా వెంటే ఉన్నారు. ముసలివాళ్ళు కూడా కర్రలు పట్టుకుని వచ్చారు. మేడం కర్రను చూసి ఒకావిడ "నీకు గూడ నా లెక్కనేనా బిడ్డా" అంది. ప్రతిచోటా కొలతలయ్యాక మేడం మంచం మీద కూచుని లెక్క ఎక్కించారు. ప్రతిచోటా ఒకటే గీత. కింద అంతా గట్టిరాయి, తడి లేదు.

మూడో గీత చూసి నాకు హెడ్ గారి మెలిక గుర్తొచ్చింది. డ్రైవరు నా చెవిలో అన్నాడు, "సార్, ఆఫీసుకు పోయి చెప్తమనుమను మేడాన్ని. గీడ లొల్లెందుకు?" నాకూ అదే మంచిదనిపించింది. మేడం దగ్గరికి వంగి, "ఇంకొకసారి వచ్చి చూస్తామని చెబుదాం మేడం. హెడ్ గారు అన్నమాట తెలుసు కదా" అన్నాను.

ఆమె నా వైపు చూడలేదు. యంత్రాన్ని జనం వైపు తిప్పారు.

"ఈ గీత చూడుండ్రి. నీళ్ళుంటే గీడ కిందికి దిగాలె. దిగలేదు. మూడు దిక్కుల చూసిన, ఎక్కడ లేదు. మీ ఊరి చుట్టు బోరు ఏసుకోకుండ్రి. ఏస్తే ఎండిపోయిందే పడ్తది."

వెనకనుంచి ఒకాయన కోపంగా ముందుకొచ్చాడు. "పొద్దున్నుంచి మమ్మల్ని ఎండల నిలబెట్టి గిదా నువ్వు చెప్పేది?"

"గిదే. ఆరునెల్లకు చెప్పేకంటే ఇయ్యాల్నే చెప్తున్న. నా లెక్క తప్పని తేలితే యూనివర్సిటీకి వచ్చి నన్ను అడుగుండ్రి. గుట్ట అవతల వాగు దిక్కు ఆశ ఉన్నది. అది మీ ఊరిది కాదు, పక్క ఊరిది. మీరు మీరు మాట్లాడుకోవాలె."

ఆయన ఇంకేదో అనబోయి ఆగాడు. పక్కవాళ్ళు అప్పుడే వాగు గురించి గుసగుసలు మొదలుపెట్టారు. మేడం లేచి, మేకులు ఒక్కొక్కటీ పీకించి, ఆ గుంటలు పూడ్పించి, తన బరువు బూటుతో మట్టి తొక్కి చదును చేశారు. "ఇగ ఇక్కడ దున్నుకోవచ్చు" అని చేను గలాయనకు చెప్పారు. జీపులో తిరుగు ప్రయాణమయ్యాం. పని పోగొట్టుకుని వస్తున్న మనిషి పక్కన కూచున్నట్టే ఉంది నాకు. ఆమె మాత్రం ఉప్పల్ దాకా నిద్రపోయారు.

సోమవారం పొద్దున మేడం, నేను హెడ్ గారి గదిలో ఉన్నాం. లెక్చరర్‌ను కూడా పిలిపించారు. "పాయింటు?" అన్నారు హెడ్ గారు.

"లేదు సార్. లేదని చెప్పొచ్చిన."

ఆయన నిట్టూర్చి, ఎంతో నొచ్చుకుంటూనే, తన పాత ఏర్పాటు గురించి మొదలుపెట్టారు. అంతలో అటెండర్ తలుపు తోసి, పల్లె నుంచి ఇద్దరు వచ్చి బెంచీ మీద కూచున్నారని చెప్పాడు. హెడ్ గారు నా వైపు చూశారు. తగాదాకు వచ్చారనే అనుకున్నాను నేను కూడా. రమ్మన్నారు. ఇద్దరూ తలపాగాలు తీసి చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. మేం పోయిన ఊరివాళ్ళు కాదు. దానికి అవతల ఊరివాళ్ళు.

"మా ఊరికి గూడ రావాలె సార్. నీళ్ళు చూడనీకి" అన్నాడు పెద్దాయన.

"తప్పకుండా. ఇదిగో, ఈ లెక్చరర్ గారు వస్తారు. చాలా చదువుకున్నాయన. మిషన్ కూడా కొత్తది కొన్నాం" అన్నారు హెడ్ గారు.

పెద్దాయన లెక్చరర్‌ను పైనుంచి కిందిదాకా చూసి, మర్యాదగానే తల అడ్డంగా ఊపాడు.

"మిషన్ గాదు సార్. మాకు ఇప్పటిదాంక రెండు మిషన్లొచ్చినయి, పోయినయి. మొన్న మా పక్క ఊల్లె, లేకుంటే లేదని మొఖం మీద చెప్పిందట గద ఒక మేడం. ఆమెను తోలుండ్రి."

హెడ్ గారు కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. తుడిచి పెట్టుకుని, లెక్చరర్ వైపు కాకుండా, మేడం వైపు తిరిగారు.

"జీపు బుధవారం ఖాళీగా ఉందండీ" అన్నారు.